కుడిపక్క ఎక్స్

ఆ కాగితం చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిదో తరగతి లెక్కల యూనిట్ టెస్ట్ పేపరు. నాలుగో ప్రశ్న మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత, పక్కన ఇంత లావు సున్నా. నాలుగు మార్కుల లెక్క. కింద ఇంగ్లీషులో, గుండ్రటి చేతిరాతతో, ఎక్స్ ఎడమ పక్కనే ఉండాలని ఒక హెచ్చరిక.

లెక్క ఇది: 3x + 5 = 5x − 7. ఎక్స్ విలువ కనుక్కోమన్నారు. పిల్ల ఇలా చేసింది.

5 + 7 = 5x − 3x

12 = 2x

6 = x

ఇందులో తప్పెక్కడుందో చూపించమని ఏ లెక్కల మాస్టారినైనా అడుగుతాను. ఎక్స్ ఉన్నచోట ఆరు పెట్టి చూడండి. ఎడమ పక్క మూడార్లు పద్దెనిమిది, ఐదు కలిపితే ఇరవై మూడు. కుడి పక్క ఐదార్లు ముప్ఫై, ఏడు తీసేస్తే ఇరవై మూడు. రెండు పక్కలా ఒకటే వచ్చింది. సమీకరణం మనల్ని అడిగేదే అది, ఇంకేమీ అడగదు. అయినా సున్నా. ఆరు ఎక్స్‌కి సమానమైతే తప్పట, ఎక్స్ ఆరుకి సమానమైతే ఒప్పట. మా ఆయన నాకు మొగుడు గానీ నేను ఆయనకి పెళ్లాన్ని కాదన్నట్టుంది.

మన దగ్గర ఎడం చేత్తో మంచినీళ్ల గ్లాసు అందిస్తే పుచ్చుకునేవాళ్లు ముఖం చిట్లిస్తారు. ఎక్స్ మాత్రం ఎడం పక్కనే కూర్చోవాలట.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పి.గన్నవరం దగ్గర కాలవ గట్టున ఉంటాం. ఇంటి వెనక చిన్న కొబ్బరి తోట. చెట్ల మీంచి కాయలు కోసే దింపు అయినప్పుడల్లా వాటిని వలవడానికి ఒక పెద్దాయన వస్తాడు. ఆయనా మా నాన్నా ఒకప్పుడు ఒకే కళ్లంలో, నేలలో పాతిన ఇనుప మొనల ముందు పక్కపక్కన నిలబడి కాయలు వలిచినవాళ్లు. అందుకని ఆయన్ని నేను బాబాయ్ గారు అనే పిలుస్తాను, ఆయన మాత్రం ఎంత చెప్పినా నన్ను టీచరమ్మ గారు అనే అంటాడు. ఆ పెద్దాయన మనవరాలిదే ఈ పేపరు. పసుపు బస్సు వచ్చి తీసుకెళ్లే ప్రైవేటు స్కూల్లో చదువుతోంది. ఈ ఏడే సాయంత్రాలు మా వసారాలోకి వచ్చి లెక్కలు చేసుకోవడం మొదలుపెట్టింది. నేను చెప్పేది తక్కువ, చూసేది ఎక్కువ. ఒక్క పిల్ల పక్కన కూర్చుంటే ఆ పిల్ల చెయ్యి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ పరిగెడుతోందో తెలుస్తుంది.

నెల కిందట మొదటిసారి ఆ పిల్ల ఎక్స్‌ని కుడిపక్కకి పంపడం చూశాను.

"అటెందుకు తీసుకెళ్లేవమ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల తోటలోకి చూపించింది. ఆ రోజు మా దింపు. కాయలు రెండు చోట్ల పోగులు పడ్డాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాళ్ల తాత చిన్న పోగులోంచి కాయలు విసిరి పెద్దదాంట్లో కలుపుతున్నాడు.

"చిన్న పోగునే కదండీ పెద్ద పోగులో కలుపుతారు? పెద్ద పోగుని మోసుకొచ్చి చిన్నదాంట్లో ఎవరు పోస్తారండి? ఇటు మూడు ఎక్స్‌లు, అటు ఐదు ఎక్స్‌లు. మూడే నడవాలండి."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఇన్నేళ్లలో ఇంత చక్కగా ఈ మాట నాకెవరూ చెప్పలేదు. ఐదు ఎక్స్‌లని ఎడమకి లాక్కొస్తే ఏమవుతుంది? మూడులోంచి ఐదు తియ్యాలి, మైనస్ రెండు వస్తుంది. అటుపక్కా మైనస్ పన్నెండు. రెండు మైనస్‌ల మధ్య సగం క్లాసు కాలు జారి పడుతుంది. ఒకడు ఒక మైనస్ మింగేస్తాడు, ఇంకొకడు భాగహారం దగ్గర లేని మైనస్ తగిలిస్తాడు. ఈ పిల్లకి ఆ బురదతో పనే లేదు. తక్కువున్నది ఎక్కువున్న చోటికి వెళ్తుంది, మిగిలింది మిగులుతుంది.

అలాంటి లెక్కకి సున్నా.

ఆ సున్నాతో పోయేది నాలుగు మార్కులే అయితే నేను నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని. ఆ స్కూల్లో ఎనిమిదో తరగతిని రెండు ముక్కలు చేస్తారు. ఈ టెస్టులో ఇరవై అయిదుకి ఇరవై దాటినవాళ్లు పై గదికి వెళ్తారు. వాళ్లకి రోజూ రెండు పీరియడ్లు లెక్కలు, పోటీ పరీక్షల తర్ఫీదు. మిగిలినవాళ్లు కింద గది. కింద గదికి లెక్కలు చెప్పేవాళ్లు టర్ముకొకరు మారతారు, ఒక్కోసారి డ్రిల్లు మాస్టారే వచ్చి ఎక్కాలు అప్పజెప్పించుకుని పోతాడు. పిల్లకి పద్దెనిమిది వచ్చాయి. సోమవారం జాబితా అంటిస్తారు.

ఇవన్నీ ఆ పిల్ల చెప్పినవి కావు. తోటలో కాయలు వలుస్తూ పెద్దాయన చెప్పాడు, చెయ్యి ఆపకుండానే.

"పోన్లెండి టీచరమ్మ గారూ. పైగదైతే ఏటి, కిందగదైతే ఏటండి. దానికి అంతవరకే వచ్చునేమోనండి."

అంతవరకే రావడమేమిటి? నాకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అది ఎంతవరకు వస్తుందో నేను చూశాను. దాని బుర్రలో ఉన్నది వాళ్లెవరికీ లేదు. దాని లెక్క నిలువునా ఒప్పు. తప్పు చేసిందెవరో ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటే, మెడలు వంచుకున్నది తాతా మనవరాలూనా?

పిల్లని పిలిచి అడిగాను. "మీ టీచరుకి చెప్పలేకపోయేవా, ఆన్సరు సరిగ్గానే వచ్చిందని?"

"టీచర్ గారు పిలిచి 'ఇది తప్పు కదా' అన్నారండి. ఆయ్ అన్నానండి."

"తప్పని నీకనిపించిందా?"

"లేదండి."

"మరి ఆయ్ అని ఎందుకన్నావ్?"

పిల్ల నా వంక వింతగా చూసింది. "అడిగేరు కదండీ."

మా కోనసీమ మర్యాద గురించి అందరూ మురిసిపోతారు. అవును అనడానికి మేమనే ఆయ్‌ని బయటి ఊళ్లవాళ్లు అనుకరించి నవ్వుతారు, మేమూ నవ్వుతాం. మాటకి ముందొక ఆయ్, వెనకొక అండీ లేకపోతే మాకు నోట్లో ఉప్పు తగ్గినట్టుంటుంది. ఆ రోజు మాత్రం ఆ మర్యాద మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. పదమూడేళ్ల పిల్ల, తనది ఒప్పని తెలిసి కూడా, తప్పు కదా అంటే ఆయ్ అంది. ఆ టీచరు దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకుని సున్నా చుట్టింది. మర్యాదకి మార్కులు లేవు సరే, శిక్ష కూడానా?

రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు క్షమించడం గురించి ప్రసంగిస్తుంటే నా కళ్ల ముందు ఆ సున్నాయే తిరిగింది. ఇంటికొచ్చాక మా ఆయన న్యూస్‌పేపరు మడిచి పక్కన పెట్టి, "రిటైరైనా నీ బెత్తం రిటైరవ్వలేదు" అన్నారు. ఆయన నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు.

అసలు ఈ పక్క మార్చడం అనే తంతు మీదే నాకు కోపం. ఇటున్నది అటు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది అని పిల్లలకి మంత్రంలా నేర్పుతారు. ఎందుకవుతుందని ఒక్కరూ చెప్పరు. సమానం గుర్తు దాటగానే అంకెకి పూనకం వస్తుందా? రెండు పక్కల నుంచీ మూడేసి ఎక్స్‌లు తీసేస్తున్నాం, అంతే. ఇటు మూడు పోయి ఏమీ మిగల్లేదు, అటు ఐదులో మూడు పోయి రెండు మిగిలాయి. రెండు పక్కలకీ ఒకే న్యాయం చేస్తే సమానం సమానంగానే ఉంటుంది. దీనికి మంత్రమెందుకు?

సోమవారం పొద్దున్నే ఆటో ఎక్కాను. గోదావరి పాయ దాటించే అక్విడెక్టు వంతెన మీద వెళ్తున్నంతసేపూ ఆ టీచరుని ఏమేమి అడగాలో మనసులో వరస పెట్టుకున్నాను. సమీకరణం అంటే ఏమిటి? సమానం గుర్తుకి ముందూ వెనకా ఉంటాయా? ఇరవై మూడు ఇరవై మూడుకి సమానమైతే నీకొచ్చిన నష్టమేమిటి? బదులు చెప్పలేక నీళ్లు నమలాలి, నేను చూడాలి. నిజం చెప్పాలంటే, ఆ దృశ్యం తలచుకుంటే నాకు హాయిగా కూడా ఉంది.

స్కూలు వరండాలో కూర్చోబెట్టారు. కాసేపటికి ఒక అమ్మాయి గబగబా వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. చేతులకి సుద్దపొడి. నన్ను చూడగానే ముఖం చాటంతయింది.

"మేడం గారూ, మీరేటండి ఇలాగొచ్చేరు? కబురెడితే నేనే వద్దును కదండీ."

నేను పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. నా దగ్గర చదివిన పిల్లే. రెండో బెంచీ చివర, కిటికీ పక్కన కూర్చునేది. ఎప్పుడూ గొడవ చేసింది లేదు, హోంవర్కు ఎగ్గొట్టింది లేదు. బీఎడ్ చేసి ఇక్కడ లెక్కలు చెబుతోందట. మంచినీళ్లు తెప్పించింది, ఫ్యాను నా వైపు తిప్పించింది. నాలుగో ప్రశ్న దగ్గర ఉన్న గుండ్రటి చేతిరాత ఎవరిదో అప్పుడు నాకర్థమైంది. అయినా కోపం తగ్గలేదు. నా దగ్గర చదువుకుని ఇదా చేసేది అని ఇంకాస్త పెరిగింది కూడా.

పేపరు తీసి ముందు పెట్టాను.

"ఈ లెక్క తప్పా అమ్మా?"

చూసింది. "ఆన్సరు కరెక్టేనండి. ఎక్స్ ఎడంపక్క లేదు కదండీ. స్టెప్పులు తప్పయిపోతాయి కదండీ మరి."

"ఏ పుస్తకంలో రాసుంది అలాగని? చూపించు. ఎవరు చెప్పేరు నీకు?"

నా గొంతు లేచింది. అవతల గదిలో ఎవరో తొంగిచూశారు. ఆ అమ్మాయి నేల చూపులు చూసింది.

"మీరేనండి."

నేను నమ్మలేదు. ఆ అమ్మాయి మెల్లగా, నన్ను నొప్పించకుండా చెప్పాలన్నట్టు చెప్పింది.

"ఎనిమిదో తరగతిలోనండి. నన్ను బోర్డు దగ్గరికి పిలిచేరండి. నేను ఎక్స్‌ని కుడిపక్క పెట్టి చేసేనండి. ఆన్సరు వచ్చిందండి. మీరు డస్టరుతో చెరిపేసి, 'చీపురు గుమ్మంలో పెడతామా? దేని చోటు దానిదే' అన్నారండి. ఇరవైసార్లు ఎడంపక్క పెట్టి రాసుకు రమ్మన్నారండి. రాసేనండి. అప్పట్నించీ ఎప్పుడూ తప్పు చెయ్యలేదండి."

ఆఖరి మాట గర్వంగానే అంది.

చీపురు మాట నాదే. అబద్ధమాడుతోందని అనుకోవడానికి కూడా వీల్లేదు. క్లాసులో ఆ మాట నేను కొన్ని వందలసార్లు అనుంటాను. గురివింద గింజ తన కింద నలుపు తానెరగదంటారు. నా విషయంలో ఆ నలుపు నా ఎదురుగా నిలబడి, నాకు మంచినీళ్లిచ్చి, ఫ్యాను కూడా తిప్పింది.

ఎందుకలా చెప్పానో నాకు తెలుసు, దాచుకోవడం దేనికి? అరవై మంది నోటు పుస్తకాలు దిద్దాలి. జవాబు ఎప్పుడూ ఒకే చోట ఉంటే కన్ను సరాసరి అక్కడికి వెళ్తుంది, టిక్కు పడుతుంది, పేజీ తిరుగుతుంది. ఎక్స్ ఎడమ పక్కన ఉండాలన్నది లెక్కల నియమం కాదు, నా కంటికి సులువు. దాన్ని నేను నియమమని చెప్పాను. కొబ్బరి పోగుల మధ్య పెరిగినదాన్ని, మా నాన్న చిన్న పోగుని పెద్ద పోగులోకి విసురుతుంటే రోజూ చూసినదాన్ని, పిల్లల చేత పెద్ద పోగులు మోయించాను. ఎంతమంది చేతనో లెక్క కూడా లేదు.

"ఆ రోజు నీకు తప్పనిపించిందా?" అని అడిగాను.

"లేదండి. ఆన్సరు వచ్చింది కదా అనుకున్నానండి."

"మరి నాకు చెప్పలేదే?"

"మీరు 'అర్థమైందా' అన్నారండి. ఆయ్ అన్నానండి."

ముప్ఫై రెండేళ్లపాటు ప్రతి పీరియడు చివరా అర్థమైందా అని అడిగాను. ప్రతిసారీ అరవై గొంతులు ఆయ్ అన్నాయి. ఆ ఆయ్‌లు వింటూ నేను మంచి టీచర్ని అనుకుంటూ ఇంటికొచ్చి కాఫీ తాగాను.

ఆ అమ్మాయి పెన్ను తీసింది. "నాలుగు మార్కులూ వేసెయ్యమంటారా అండి? ఇరవై రెండు అవుతాయండి. జాబితా ఇంకా అంటించలేదండి."

మార్కుల కోసమే వెళ్లినదాన్ని, ఆ మాటకి నాకు మళ్లీ చిర్రెత్తింది. అప్పుడు నేను చెప్పానని ఇరవైసార్లు రాసింది, ఇప్పుడు నేను చెప్పానని మార్కులు వేస్తుంది.

"నేను చెప్పేనని వెయ్యకు. ఆరు పెట్టి చూడు. నీకు తోస్తేనే వెయ్యి."

అక్కడే గోడకి కాగితం ఆనించి లెక్క వేసింది. ఇటు ఇరవై మూడు. అటు ఇరవై మూడు. తర్వాత సున్నా కొట్టేసి నాలుగు వేసింది, తను రాసిన హెచ్చరిక మీద తనే గీత గీసింది. గీత గీస్తుంటే ముఖంలో ఒక మాట మెదిలింది గానీ బయటికి రాలేదు. ఇరవైసార్లు రాసిన పిల్ల ముఖం అది. క్షమించమ్మా అన్నాను. "అయ్యో, అంత మాటెందుకండి" అంది. ఆ మర్యాద నన్ను ఇంకా కాల్చింది.

సాయంత్రం పిల్ల వసారాలోకి వచ్చింది. పై గదికి పేరు వచ్చిందట. "నీ లెక్క మొదట్నించీ ఒప్పేనమ్మా" అన్నాను.

"ఆయ్ అండి" అంది.

ఆ ఆయ్‌లో ఏముందో ఇప్పుడు నాకు తెలీదు. కొత్త లెక్క ఇచ్చాను: 2x + 9 = 6x − 3. పిల్ల ఆరు ఎక్స్‌లని ఎడమకి లాక్కొచ్చింది. మైనస్ నాలుగు ఎక్స్, మైనస్ పన్నెండు. రెండు మైనస్‌ల మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వెళ్లి, x = 3 అని ఎడం పక్కన పెట్టింది. జవాబు సరైనదే. కానీ ఆ లెక్క దానిది కాదు.

"పెద్ద పోగుని మోసుకొచ్చేవేంటి?" అన్నాను.

"అటు పెడితే మీరు మళ్లీ స్కూలుకి రావాల్సొస్తుందండి."

నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మార్కులు తెచ్చి ఇచ్చాను గానీ, పిల్ల చేతిలోంచి పోయింది తిరిగి రాలేదు. ఊరికే చెబితే రాదు. చెబితే ఆయ్ అంటుంది.

నోటు పుస్తకం తీసుకుని అదే లెక్క నేనే మళ్లీ వేశాను, దాని పద్ధతిలోనే, రెండు ఎక్స్‌లని కుడిపక్కకి పంపి. కావాలనే తొమ్మిదికి మూడు కలిపే చోట పదహారు వేశాను. 4 = x అని పెద్దగా రాసి, ఎర్ర పెన్నుతో టిక్కు కూడా కొట్టాను.

"సరిగ్గా ఉందా?"

"ఆయ్ అండి."

"బాగా చూడు. ఉందా?"

"ఆయ్ అండి."

ఇంకొకసారి అడిగితే ఇంకొక ఆయ్ వస్తుంది. పుస్తకం, ఎర్ర పెన్ను అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాను. పొయ్యి మీద పాలు పెట్టాను. అవి పొంగేదాకా బయటికి రాకూడదని పట్టుబట్టి అక్కడే నిలబడ్డాను. ఎర్ర పెన్ను నేను ఇన్నేళ్లలో ఏ పిల్ల దగ్గరా వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి పిల్ల తోటలోకి చూస్తూ కూర్చుంది. ఎర్ర పెన్ను మూత కూడా తియ్యలేదు. నా లెక్క పక్కన, మార్జిన్లో, పెన్సిలుతో చీమ తలకాయంత అంకెలున్నాయి. నాలుగు పెట్టి చూసింది. ఇటు పదిహేడు, అటు ఇరవై ఒకటి. దాని కింద, ఇంకా చిన్నగా, 3 = x.

నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. ఆ అంకెల మీద వేలు పెట్టి అడిగాను.

"అయితే నేను వేసింది తప్పన్నమాట?"

పిల్ల నా ముఖంలోకి చూసింది.

"ఆయ్ అండి" అంది.